పెరిగే పిల్లకని కొన్న స్కీలు

మంచు అంటే నాకు తెలిసింది రెండు రకాలే. ఒకటి, ధనుర్మాసంలో తెల్లారగట్ల విజయనగరం బస్సుకు దారి కనపడకుండా చేసేది. రెండోది, భోగాపురం ఒడ్డున చేపల పెట్టెల్లో చితక్కొట్టి పోసేది. ఈ మాత్రం పరిజ్ఞానంతో నేను ఒక ఆడపిల్లకు మంచుకొండల మీద జారడానికి కాళ్లకు బిగించుకునే పొడుగు పలకలు, స్కీలు ఎంపిక చేశాను. ఆటలు నేర్పే ఉద్యోగంలో కొత్తగా చేరుతున్న పీడీ తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీ చేతికి సామాన్లు కొనే అధికారం వచ్చిన రోజున ఈ కథ గుర్తొస్తుందేమోనని రాస్తున్నాను. గుర్తు రాకపోయినా తప్పు పట్టను. నా పెద్దలు చెప్పినవి నేనూ గుర్తు పెట్టుకోలేదు.

నేను ఆటల మాస్టారుగా ఎక్కువకాలం చేసింది సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఆడపిల్లల రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలో. నా సొంత విద్య బరువులెత్తడం. మా విజయనగరం పక్క పల్లెల్లో కుర్రాడికి నడక రాగానే ఏదో ఒకటి ఎత్తి చూస్తాడు. నేనూ ఎత్తాను. జిల్లా సరిహద్దు దాకా ఎత్తి, అక్కడ దించేసి, ఉద్యోగం చూసుకున్నాను.

కాలేజీలో నాకొక పేరుండేది. బూట్లు గాని, ట్రాక్ సూట్లు గాని, పిల్లలకు ఏం కొన్నా ఒక నంబరు పెద్దవే కొనేవాణ్ని. పెరిగే పిల్లలు కదా. మా అమ్మ నాకూ అలాగే కుట్టించేది. చొక్కా నాకు సరిపోయేనాటికి దాని మోచేతులు చిరిగిపోయేవి. అయినా అదే పొదుపనీ, అదే ముందుచూపనీ నా ఒంట్లో ఇంకిపోయింది. మా పిల్లలు బూటు ముందుభాగంలో పాతగుడ్డ కుక్కుకొని పోటీలకు వచ్చేవారు. పరుగు మొదలవగానే టపటపమని చప్పుడు వినిపిస్తే, అది మా కాలేజీ అని అవతలి పీడీలు తల తిప్పకుండానే చెప్పేవారు. నేను దాన్ని మెప్పుదల అనుకునేవాణ్ని.

ఆ అమ్మాయిది మాకు దగ్గరలోని చేపలపల్లె. తండ్రి వేటకు వెళ్తాడు, తల్లి గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లలో చేపలమ్ముతుంది. చిన్నప్పటినుంచీ ఇసుకలో గంప మోసిన కాళ్లేమో, పిల్లను తోసినా పడేది కాదు. ఒక ఏడాది సాహస క్రీడలంటూ కొందరు పిల్లల్ని హిమాలయాల్లో స్కీయింగ్ నేర్చుకోవడానికి పంపారు. మా కాలేజీ నుంచి ఈ అమ్మాయి వెళ్లింది, అందరిలోకీ మొదటగా వచ్చింది. మరుసటి శీతాకాలం పెద్ద శిబిరానికి పిలుపు వచ్చింది. అక్కడ పరీక్షలో నెగ్గినవాళ్లను సీజనంతా ఉంచుకుని నేర్పిస్తారు, ఆనక శిక్షకులుగా తీసుకుంటారు. వాళ్లమ్మ కాలేజీకి వచ్చి, గంప గోడకు ఆనించి, నా ముఖానే చెప్పేసింది.

"ఈ ఒక్కపాలికే, మాస్టారూ. నెగ్గిందా, దాని రాత. నెగ్గకపోతే తిన్నగా వచ్చీసి నర్సింగులో సేరిపోవాల. మంచులో గెంతుకుంటా ఉంటే దాని బతుకెలగ తెల్లారతాది?"

నర్సింగు మంచి చదువే. కానీ ఆ మాట వినగానే పిల్ల ముఖం ఎలా వాడిపోయిందో నేను చూశాను. నాకు అప్పుడే అనిపించింది, ఈ పిల్లను ఎలాగైనా నెగ్గించాలని. అక్కణ్నుంచే గొడవంతా మొదలైంది. నాలాంటివాడికి అలాంటి పట్టుదల రాకుండా ఉంటే మంచిది.

శిబిరంవాళ్లు కొత్తగా నేర్చుకునేవాళ్లకే స్కీలు ఇస్తారు. పరీక్షకు వచ్చేవాళ్లు తమవి తామే తెచ్చుకోవాలి. మా ప్రిన్సిపాల్ మేడమ్ ఒక్క జతకు ఒప్పుకున్నారు. పరీక్షలేమో మూడు. మంచును గుట్టలు గుట్టలుగా తీర్చిన వాలు మీద దిగడం ఒకటి, దేవదారు చెట్ల సందుల్లోంచి దిగడం ఒకటి. మూడోది పార్కు. పార్కంటే బెంచీలూ పూలమొక్కలూ అనుకున్నాను. కాదట, మంచుతో ఎత్తు దిబ్బలు కట్టి, వాటి మీదనుంచి గాల్లోకి ఎగిరి దిగే చోటట.

మా స్టాఫ్ రూములో మూడు పూటలు ఇదే చర్చ. ఫిజిక్సు లెక్చరరు గారు ఫోనులో వీడియోలు పెట్టి చూపించారు. గుట్టలకైతే సన్నవి, పొట్టివి కావాలి. చెట్ల మధ్యకైతే చటుక్కున తిరిగేవి కావాలి. పార్కుకైతే ముందూ వెనకా రెండు కొసలూ పైకి వంగినవి కావాలి, ఎందుకంటే అక్కడ ఒకోసారి వెనక్కి కూడా జారాలి. మామూలు స్కీకి ముందు కొసే వంగి ఉంటుంది, వెనక్కి పోతే తోక మంచులో గుచ్చుకుంటుంది. ఇలా రెండు కొసలూ వంగినవాటిని ట్విన్ టిప్ అంటారు. మరీ వెడల్పు లేని ట్విన్ టిప్ తీసుకుంటే మూడు పనులకూ ఒకటే జత సరిపోతుందని తేలింది. ఇంతవరకూ మేం చెప్పుకున్నదంతా సరైనదే. ఇక్కడితో నేను నోరు మూసుకుని ఉంటే ఈ వ్యాసం రాయాల్సిన పని ఉండేది కాదు.

ఢిల్లీలో ఒక దుకాణానికి ఫోను చేశాను. నా హిందీ రైళ్లలో చాయ్ వాళ్ల దగ్గర నేర్చుకున్నది. అవతలాయన ఓపికగలవాడు. ట్విన్ టిప్‌కు రెండు కొసలూ వంగి ఉంటాయి గనక మంచుకు ఆనే భాగం తక్కువ, అందుచేత కాస్త పొడుగువి తీసుకోవచ్చని చెప్పాడు. అయితే గుట్టలూ చెట్లూ ఉన్నాయంటున్నారు, అమ్మాయి పొట్టి అంటున్నారు, కాబట్టి నిలబెడితే ఆమె ముక్కు దాకా వచ్చేవి చాలని కూడా చెప్పాడు. ఈ రెండు వాక్యాల్లో నాకు మొదటిదే వినిపించింది. అమ్మాయి పక్కనే నిలబడి ఉంది, చేపలమ్మి వచ్చిన వాళ్లమ్మ గుమ్మం దగ్గర ఉంది.

"ముక్కు దాకా సాలు సార్, నాను అలాటివాటి మీదే నేర్సుకున్నాను," అంది.

నువ్వు ఆగు, ఇంకా పెరుగుతావు అన్నాను. ఆమె తల్లి వైపు చూసింది. వాళ్లమ్మ నా భుజం దాకా కూడా రాదు. అంత పెద్ద సాక్ష్యం ఎదురుగా నిలబడి ఉన్నా నా బుర్రకెక్కలేదు. పెరిగే పిల్లండీ, తలమీదకు జానెడు ఉండేలా పంపండి అని ఫోనులో చెప్పాను. వయసెంతని ఆయన అడిగాడు. పదిహేడు అన్నాను. 'ఆప్ కీ మర్జీ' అన్నాడు. మీ ఇష్టం అని అర్థం. ఏ వ్యాపారి నోట ఆ మాట విన్నా ఫోను పెట్టేసి ఒకసారి ఆలోచించండి. పొడుగు ఎక్కువైతే బరువు పరుచుకుని మంచులో కూరుకుపోరని ఫిజిక్సు గారు బోర్డు మీద లెక్క కూడా వేసి నన్ను సమర్థించారు.

పెట్టె వచ్చిన రోజుల్లో భోగాపురం చుట్టుపక్కల విమానాశ్రయం మాట తప్ప వేరే మాట లేదు. ఎవరి భూమి పోతుందో, ఎవరిది మిగులుతుందో తెలియక జనం మండిపోతున్నారు. సరిగ్గా అప్పుడే మనిషికన్నా పొడుగైన అట్టపెట్టెతో నేను ఆటో దిగాను. కల్లంలో ఉన్న రైతులు పని ఆపి వచ్చి చుట్టుముట్టారు. సర్వే కర్రలు దించుతున్నానని వాళ్ల అనుమానం. రోడ్డు మీదే పెట్టె విప్పి చూపించాను. ఇవి కాళ్లకు కట్టుకుని మంచులో జారేవి అని చెబితే, సర్వే కర్రలంటేనే కొంచెం నమ్మకంగా ఉండేదన్నట్టు చూశారు. చివరికి అమ్మాయి వచ్చి ఒకదాని మీద కాలు పెట్టి నిలబడి చూపిస్తే వదిలిపెట్టారు. అప్పుడు చూశాను, నిలబెడితే అవి ఆమె నెత్తి దాటి నా నెత్తిని అందుకుంటున్నాయి. బాగానే ఉంది, ఎదుగుతుంది అనుకున్నాను.

మాకు కొత్త బండికి పూజ చేయించకుండా రోడ్డెక్కించే అలవాటు లేదు. శ్రీకాకుళం పక్కవాళ్లు అరసవల్లి తీసుకెళ్తారు, మేం రామతీర్థం తీసుకెళ్తాం. స్కీలను ఎక్కడికి తీసుకెళ్లాలో తెలియక ఆలోచిస్తుంటే వాళ్ల నాన్న ఆ బాధ్యత తీసుకున్నాడు. రెండు కొసలూ పైకి లేచి ఉండడం చూసి ఆయన మహా సంతోషపడ్డాడు.

"ఇది మన నావే బాబూ. రెండు పక్కలా ముక్కున్నాది. కెరటంలో తిరగని నావని తిప్పకూడదు, ఎనక్కే నడిపించుకొచ్చీయాల. దీనికి ఆ సులువున్నాది."

కొత్త నావకు చేసినట్టే రెండు కొసలకూ పసుపు రాసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టాడు. పాత చెక్కనావల అడుగుకు సొరచేప నూనె పూస్తారు. అది కూడా తెచ్చి స్కీల అడుగంతా దట్టంగా పట్టించాడు. నీళ్లలో జారేది మంచులో జారదా అని నేనూ ఇంకొంచెం పూయమన్నాను. ఆ వాసనతో అమ్మాయీ నేనూ ఢిల్లీ దాకా రైలెక్కాం. మా కూపేలో ఎక్కినవాళ్లు ఎక్కినట్టే వేరే చోటు వెతుక్కుని వెళ్లిపోయారు. ప్రయాణం చాలా విశాలంగా జరిగింది.

శిబిరంలో స్కీలు బాగుచేసే మనిషి ఒకాయన ఉండేవాడు. మా జత చేతిలోకి తీసుకుని, పసుపు చూసి, అడుగు తడిమి, వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుని, నావైపు చాలాసేపు చూశాడు. స్కీ అడుగు మైనం పీల్చుకునే రకమట. మేం మైనం బదులు సొరచేపను పీల్పించాం. ఆ చలికి నూనె జిగురులా మారి మంచు అట్టలు కట్టుకుని పట్టేసుకుంది. ఏదో మందు పెట్టి తుడిచి, మైనం కరిగించి ఇస్త్రీ చేసినట్టు పట్టించి, అడుగు బాగుచేశాడు. వాసన వదలలేదు. పొడుగు తగ్గించడం తన చేతిలో లేదని చెప్పాడు. ఈ జత ఎవరు ఎంచారని పరీక్ష పెట్టే శిక్షకురాలు అడిగింది. అమ్మాయి నన్ను చూపించకుండా నేల వైపు చూసింది. ఆ మర్యాదకు నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

పరీక్ష రోజు ఉదయం గుట్టల వాలు దగ్గర నిలబడ్డాను. నిలబడ్డాను అనడం గొప్పకు, రెండుసార్లు పడి ఒక కర్ర పట్టుకుని ఆగాను. వాలంతా ఇడ్లీ ప్లేట్లు బోర్లించినట్టుంది. మిగతా పిల్లలు ఒక గుట్ట పక్కనుంచి ఇంకో గుట్ట పక్కకు మోకాళ్లాడిస్తూ జరజరా దిగిపోయారు. మా అమ్మాయి దిగేసరికి స్కీ ముందు కొస ఒక గుట్టకు, వెనక కొస ఇంకో గుట్టకు తగిలి మధ్యలో వంతెన కట్టినట్టు ఇరుక్కుంది. పడింది. లేచింది. మళ్లీ ఇరుక్కుని మళ్లీ పడింది. ఎప్పుడూ పడని పిల్లను నేను పడేశాను.

చెట్ల మధ్య పరీక్ష ఇంకా అన్యాయం. అంత పొడుగువి చటుక్కున తిరగవు కదా. ఒక దేవదారును కావలించుకుని, దాన్ని వదిలి, ఇంకోదాన్ని కావలించుకుని, చుట్టాలింటికి వెళ్లొచ్చినట్టు అందరినీ పలకరించుకుంటూ కిందికి చేరింది. దిగడమైతే దిగింది. అప్పటికి మిగతావాళ్లు టీ తాగేసి గ్లాసులు కడిగేశారు.

మధ్యాహ్నం భోజనం దగ్గర కంచం ముందు కూర్చుంది గాని ముద్ద ఎత్తలేదు. నేను ధైర్యం చెప్పాలని ఏవేవో అన్నాను. ఓటమి గెలుపుకు మెట్టు వగైరా. అది ఆటల మాస్టార్లకు జలుబులాంటిది, అడక్కుండానే వచ్చేస్తుంది. ఆమె వినలేదు.

"మా అమ్మకి ఏటి సెప్పాల సార్?" అంది.

ఈ స్కీలు నావల్ల నీకు దొరికాయి, నన్ను తిట్టు అన్నాను. ఆమె తిట్టలేదు. బయట గోడకు ఆనించి ఉన్న స్కీల వైపు కాసేపు చూసి, "తిప్పుతుంటే తిరగట్లేదు సార్. ఇంక తిప్పను," అంది. తర్వాత కంచం దగ్గరకు లాక్కుని మొత్తం తినేసింది. ఆశ వదిలేసుకుందేమో అనుకుని నేను భయపడ్డాను.

పార్కులో వరసగా మూడు మంచుదిబ్బలు. మిగతా పిల్లలు ఎగిరి, గాల్లో గుండ్రంగా ఒక చుట్టు తిరిగి దిగుతున్నారు. ఇద్దరు ముగ్గురు బాగా పడ్డారు. మా అమ్మాయి మొదటి దిబ్బ మీదనుంచి లేచింది. ఆ పొడుగు పలకలతో చుట్టు పూర్తిగా ఎక్కడ తిరుగుతుంది? సగమే తిరిగింది. వీపు వాలు కిందివైపుకు, ముఖం కొండపైవైపుకు పెట్టి వెనక్కి దిగింది. నేను కళ్లు మూసుకున్నాను. పడిన చప్పుడు రాలేదు. కళ్లు తెరిచేసరికి భుజం మీదనుంచి వెనక్కి చూసుకుంటూ జారుతోంది. ముందుకు తిరిగే ప్రయత్నమే చేయలేదు. వెనక్కే రెండో దిబ్బ ఎక్కి, వెనక్కే ఎగిరి, వెనక్కే దిగింది. మూడోదీ అంతే. ఒడ్డుకు కెరటాలు దాటించి నావను తెస్తున్నప్పుడు వాళ్ల నాన్న కూడా అలాగే భుజం మీదనుంచి చూడడం నేను చాలాసార్లు చూశాను. అంతవరకూ పొడుగై ఏడిపించిన ఆ స్కీలు దిగేటప్పుడు మాత్రం అణుమాత్రం తొణకలేదు.

కింద ఆగాక శిక్షకురాలు దగ్గరకు వెళ్లి, ఇలా వెనక్కి రావడం నీకెవరు నేర్పారని అడిగింది. నేను అప్పటికే కర్ర వదిలి, చొక్కా సర్దుకుని, ఒక అడుగు ముందుకు వేసి ఉన్నాను.

"మా నాన్న," అంది అమ్మాయి.

ఆ అడుగు వెనక్కి తీసుకోబోయి నేను మళ్లీ పడ్డాను.

సాయంత్రం పేర్లు చదివారు. ఒక్కో పేరూ వస్తోంది, మాది రావట్లేదు. అమ్మాయి రెండు చేతులూ కోటు జేబుల్లో పెట్టుకుని నేల చూస్తోంది. ఆఖరి పేరు ఆమెది. ఏడవలేదు, నవ్వలేదు, ఒక్కసారి గట్టిగా ఊపిరి వదిలింది. నేను మాత్రం ఏడ్చాను, చలికి కళ్లు నీరు కారుతున్నాయని చుట్టుపక్కల వాళ్లకు చెప్పుకున్నాను. తర్వాత శిక్షకురాలు నన్ను పక్కకు పిలిచింది. గుట్టలూ మలుపులూ నేర్పిస్తే వస్తాయి, వెనక్కి పోతున్నా కంగారుపడకపోవడం నేర్పడం కష్టం, అందుకే తీసుకున్నామంది. తీసుకున్నవాళ్లకు శిబిరమే స్కీలిస్తుంది, ఈ అమ్మాయికి ముక్కు దాకా వచ్చేవి ఇస్తాం, ఇవి మీరు వెనక్కి పట్టుకుపోండి అంది. అంటే పిల్ల ఎంపికైంది. నేను ఎంపిక చేసినవి కాలేదు.

ఒక్కణ్నే స్కీలు మోసుకుంటూ తిరుగురైలెక్కాను. కొండ మీద ఫోన్లు పనిచేయలేదు. కిందికి దిగాక నా ఫోను చచ్చిపోయి ఉంది, చార్జరు శిబిరంలోనే మర్చిపోయాను. అందుచేత ఊళ్లో ఎవరికీ కబురు లేదు. భోగాపురం దగ్గర బస్సు దిగేసరికి వాళ్లమ్మ గంపతో ఎదురైంది. నా భుజం మీద స్కీలు చూసింది. నా వెనక చూసింది. గంప దించేసి అలాగే రోడ్డు పక్కన కూర్చుండిపోయింది.

"మా గుంటేది మాస్టారూ?" అని కూతురి కోసం అడిగింది.

అక్కడే ఉండిపోయిందమ్మా, నెగ్గింది అన్నాను. ఆమెకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నర్సింగులో చేర్చేస్తానన్న మనిషి అంతగా ఏడుస్తుందని నేననుకోలేదు. ఏడ్చి, ముఖం తుడుచుకుని, అనుమానంగా స్కీల వైపు చూసింది.

"మరి ఈటినెందుకు తెచ్చీసినారు?"

ఇవి నెగ్గలేదు అని చెప్పాను. ఆమె నవ్వింది. ఆ నవ్వుతోనే గంపలోంచి నాలుగు చేపలు తీసి నాకు కట్టిచ్చింది. ఆ వారంలోనే కాలేజీలో నాకు సన్మానం చేశారు. భవిష్యత్తును ముందే ఊహించి పొడుగు స్కీలు ఎంచిన దార్శనికుడని ఫిజిక్సు గారు ప్రసంగించారు. పొడుగు వల్ల వెనక్కి దిగినప్పుడు నిలకడ ఎలా వచ్చిందో బోర్డు మీద లెక్క వేసి మరీ చూపించారు. వద్దు వద్దంటూనే శాలువా కప్పించుకున్నాను. అది కూడా నాకు పెద్దదే అయింది, మోకాళ్ల దాకా వచ్చింది.

స్కీలను నా గది గోడకు అడ్డంగా తగిలించాను. వానాకాలంలో వాటి మీద వాలీబాల్ నెట్లు ఆరేసేవాళ్లం. గదిలోకి కొత్తగా వచ్చినవాళ్లు ముందు వాసన గురించి, తర్వాత స్కీల గురించి అడిగేవారు. ఆ అమ్మాయి ఏటా సెలవుల్లో వచ్చి పలకరించి పోయేది. అక్కడ ఇప్పుడు కొత్తగా నేర్చుకునేవాళ్లకు గడ్డం దాకా వచ్చేవి చాలంటూ తనే స్కీలు కొలిచి ఇస్తుందట. ఒక్కళ్లకూ పెద్దవి ఇవ్వనని చెప్పింది. నేను మాట మార్చాను.

ఆ దశాబ్దం ముగిసేలోగా నా ఉద్యోగం ముగిసింది. రిటైరైన రోజు సభ జరుగుతుండగా ఆమె చెప్పాపెట్టకుండా వచ్చింది. మాట్లాడమని మైకు ఇస్తే తీసుకోలేదు. తిన్నగా నా గదిలోకి వెళ్లి గోడ మీద నుంచి స్కీలు దించి, దుమ్ము తుడిచి, రెండు కొసలకూ బొట్లు పెట్టి వేదిక మీదకు తెచ్చింది. వాటిని నిలబెట్టి పక్కన తను నిలబడింది. ఇన్నేళ్ల తర్వాత కూడా అవి ఆమె తలమీద జానెడు అలాగే ఉన్నాయి. హాల్లో వెనక వరసలో కూర్చున్న వాళ్లమ్మ అందరికన్నా ముందు నవ్వింది.

"నాను పెరుగుతానని కొన్నారు సార్. నాను పెరగలేదు," అంది. తర్వాత వాటిని నా చేతుల్లో పెట్టింది. "మీరుంచండి. ఇప్పుడింక మీకు కాలీయే కదా. వచ్చే సలికాలం మా దగ్గరకి రండి, పెరుగుతారేమో సూద్దాం."

వెళ్లాను. నాకు ఆమె ఇచ్చినవి నా గడ్డం దాకా వచ్చాయి.